పన్నెండు దగ్గర ఖాళీ

మా గదిలో పదకొండు దాటాక ఓ అరగంట పని తెరిపి ఇస్తుంది. అప్పటికి ప్లేట్లు చదవడం అయిపోతుంది, వార్డుల నుంచి కొత్త రక్తం సీసాలు ఇంకా రావు. ఆ అరగంటలో మిగతావాళ్లు టీ తాగుతారు. నేను మాత్రం ఎవరూ అడగని పని ఏదో ఒకటి నెత్తినేసుకుంటాను. అది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

ఆ మంగళవారం నెత్తినేసుకున్నది గళ్ల కాగితం. ఏడు నెలల రిజిస్టరు ముందు పెట్టుకుని, టైఫాయిడ్ వచ్చిన ప్రతి మనిషికీ ఒక చుక్క పెడుతూ పోయాను. మొత్తం నలభై ఒక్క చుక్కలు. అయ్యాక కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చూశాను. పదిహేడు దగ్గర రెండు, పదహారు దగ్గర ఐదు, పదిహేను దగ్గర ఏడు, పద్నాలుగు దగ్గర ఎనిమిది. ఇంతవరకూ బాగానే ఉంది. పదమూడు దగ్గర పంతొమ్మిది. పన్నెండు దగ్గర సున్నా. పదకొండు దగ్గరా సున్నా. పంతొమ్మిది చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే, పక్క గడి తుడిచిపెట్టినట్టు ఖాళీగా ఉంది.

ఇందులో వింతేముందో తెలియాలంటే మా పని కొంచెం చెప్పాలి. జ్వరం మనిషి రక్తంలో టైఫాయిడ్ బ్యాక్టీరియా ఉంటే సీసాలో ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది. దాన్ని తీసి, జెల్లీ పోసిన గుండ్రటి ప్లేటు నిండా పూస్తాం. పైన మందు ఇంకించిన చిన్న చిన్న కాగితపు బిళ్లలు పెడతాం, ఒక్కో బిళ్ల ఒక్కో మందు. మర్నాటికి ప్లేటంతా బ్యాక్టీరియా పొరలా పెరుగుతుంది. మందు పనిచేస్తే ఆ బిళ్ల చుట్టూ మాత్రం ఏమీ పెరగని వలయం ఉంటుంది. ఆ వలయం అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు ఉందో స్కేలుతో కొలవడం నా ఉద్యోగం. పాత మాత్రలన్నిటికీ ఈ బ్యాక్టీరియా ఎప్పుడో మొండికేసింది. నోట్లో వేసుకునే మందుల్లో మాకు మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. దానికి హద్దు పదమూడు. పదమూడు, ఆపైన ఉంటే రిపోర్టులో 'పనిచేస్తుంది' అని రాస్తాం. మనిషి మాత్రలు తీసుకుని ఇంటికి వెళ్తాడు. పన్నెండు, ఆలోపు ఉంటే 'పనిచేయదు'. మనిషి రెండు వారాలు వార్డులో పడుకుని ఇంజెక్షన్లు వేయించుకుంటాడు. నెలాఖరుకి ఈ రెండు మాటల లెక్క పర్యవేక్షణ కేంద్రానికి పంపుతాం. ఏ ఊళ్లో ఏ మందు చేతులెత్తేస్తోందో వాళ్లు అలా కనిపెడుతుంటారు. మిల్లీమీటర్లు వాళ్లు అడగరు. అవి మా రిజిస్టరులోనే ఉండిపోతాయి.

హద్దు అనేది మనం గీసుకున్న గీత. పదమూడు దగ్గర ఆగాలని, పన్నెండు జోలికి పోకూడదని ఆ బ్యాక్టీరియాకి ఎవరు చెప్పారు? ఈ ప్రశ్న నా బుర్రలో దూరింది. ఇక నేను టీ తాగలేదు.

మొదట స్కేలు మీద అనుమానం వచ్చింది. స్టోర్ రూముకి వెళ్లి కొత్తది తెచ్చి పాతదాని పక్కన పెట్టాను. గీతకి గీత సరిపోయింది. తర్వాత బిళ్లల డబ్బా. డబ్బా మారితే కొలత మారవచ్చు. కానీ ఈ ఏడు నెలల్లో నాలుగు డబ్బాలు వాడాం, నాలుగింటి కాలంలోనూ పదమూడు గుట్టగానే ఉంది. వారం వారం మేము ఇంకో పరీక్ష కూడా చేస్తాం. ఎంత వలయం రావాలో ముందే తెలిసిన ఒక బ్యాక్టీరియాని పెంచి, మా మందులూ జెల్లీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటాం. ఆ కాగితాలన్నీ తిరగేశాను. ఎక్కడా తేడా లేదు.

వస్తువులన్నీ నిర్దోషులని తేలాక మనుషుల మీద పడ్డాను. మా గదిలో ప్లేట్లు కొలిచేది ఇద్దరమే. నేను, కళ్లజోడు. అతను నాకన్నా ఐదేళ్లు చిన్న. దళసరి అద్దాల వెనక నుంచి లోకాన్ని క్షమాపణ అడుగుతున్నట్టు చూస్తాడు కాబట్టి ఆసుపత్రిలో అందరికీ అతను కళ్లజోడే. నన్నేమంటారో కూడా చెప్పేస్తాను, దాచడానికేముంది. మిల్లీమీటరు. ఆ పేరు మా బావ పెట్టాడు. ఒకసారి నేను మర్చిపోయిన టిఫిన్ కారియర్ ఇవ్వడానికి వచ్చి, ఒక కన్ను మూసుకుని ప్లేటు మీదకి వంగి ఉన్న నన్ను కిటికీలోంచి చూసి, "ఏం మిల్లీమీటరూ, ఎంతొచ్చింది?" అని వరండా దద్దరిల్లేలా అరిచాడు. సాయంత్రానికల్లా భవనం మొత్తం పాకిపోయింది.

"నువ్వు వలయం అంచు ఎక్కడ పట్టుకుంటున్నావు?" అని కళ్లజోడుని నిలదీశాను.

"ఎప్పుడూ పట్టుకునే చోటే, అక్కా."

"ఎప్పుడూ అంటే? అజిత్రోమైసిన్ అంచు మసగ్గా ఉంటుంది కదా. మసక మొదలైన చోటా, పూర్తిగా దట్టమైన చోటా?"

"మసక మొదలైన చోట. మీరే నేర్పారు."

"మరి పదమూళ్లు ఎందుకిన్ని వస్తున్నాయి?"

అతను నోరు తెరిచి, రిజిస్టరు వైపు చేయి చాపి, "అక్కా, ఒకసారి నేను పెన్సిల్‌తో రాసింది…" అన్నాడు.

"ముందు ఆ అద్దాలు మార్పించుకో," అనేసి వచ్చేశాను. నాకు కోపం వస్తే ఎదుటి మనిషి వాక్యం పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఉండదు. అది మాత్రం జబ్బు అనడానికి వీల్లేదు, పొగరే.

బుధవారం సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా అక్క వాళ్లింటికి వెళ్లాను. కింద బావ కుట్టు షాపు, పైన ఇల్లు. షాపు షట్టరు సగం దించి ఉంది. లోపల కుట్టు మిషన్ మీద ఎవరిదో ప్యాంటు ఒక కాలు కుట్టి, రెండో కాలు కుట్టకుండా అలాగే వదిలేసి ఉంది. నేనెరిగినంతవరకూ బావ సగం పని వదిలి లేచిన మనిషి కాదు.

బావకి జ్వరం మొదలై పన్నెండు రోజులు. రక్తం మా గదికే వచ్చింది. టైఫాయిడ్ అని తేల్చింది నేనే, పోయిన శుక్రవారం అజిత్రోమైసిన్ వలయం పదమూడు అని రాసిందీ నేనే. వార్డు డాక్టరు, "ఎందుకైనా మంచిది, చేర్చుకుని ఇంజెక్షన్లు ఇద్దామా?" అని అడిగితే, "అక్కర్లేదు, మాత్రకి లొంగుతుంది," అని అక్క ఎదురుగానే గొప్పగా చెప్పింది కూడా నేనే. మాత్రలు మొదలుపెట్టి ఆ రోజుకి ఆరో రోజు.

మెట్లు ఎక్కుతుండగానే అక్క ఎదురొచ్చింది. చేతిలో తడిగుడ్డ.

"నూట మూడు. పొద్దున్నా అంతే. నాలుగో రోజుకి దిగుతుందన్నావు కదే."

"ఒక్కోసారి ఐదారు రోజులు పడుతుందక్కా."

"ఇవాళ ఆరు అయిపోయింది. కడుపులో నొప్పి కూడా అంటున్నారు. నీ మాట మీద కదా ఇంటికి తెచ్చుకున్నాం."

అక్కకి తెలియనిది నాకు తెలుసు. టైఫాయిడ్ లొంగకుండా మూడో వారంలోకి వెళ్తే పేగుకి చిల్లు పడవచ్చు. కడుపు నొప్పి దానికి గుర్తు కావచ్చు. పైకి మాత్రం నర్సులా ముఖం పెట్టుకుని లోపలికి వెళ్లాను.

బావ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. బుగ్గలు పీక్కుపోయాయి. నన్ను చూడగానే నవ్వడానికి ప్రయత్నించాడు.

"రా మిల్లీమీటరూ. మీ అక్క మాటలు పట్టించుకోకు. నువ్వు కొలిచావంటే కొలిచినట్టే. ఇదిగో, ఈ జ్వరానికే ఇంకా ఆ విషయం తెలిసినట్టు లేదు."

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. మాట మార్చడానికి నా చుక్కల కాగితం సంగతి ఎత్తాను. బావకి ఇలాంటి కథలంటే ప్రాణం. కళ్లు మూసుకునే విన్నాడు. వింటూ వింటూ ఒక కన్ను తెరిచాడు.

"పన్నెండు ఒక్కటీ లేదూ?"

"ఒక్కటంటే ఒక్కటీ లేదు. స్కేలు చూశాను, డబ్బాలు చూశాను, అన్నీ సవ్యంగానే ఉన్నాయి."

"కొలిచేటప్పుడు రోగి ఎదురుగా ఉంటాడా?"

"రోగి ఎందుకుంటాడు బావా? ప్లేటు ఉంటుంది. ప్లేటు మీద పేరు, వయసు రాసి ఉంటాయి."

బావ గట్టిగా నవ్వబోయి, నొప్పికి కడుపు పట్టుకుని, చిన్నగా నవ్వాడు.

"నేను షాపు పెట్టిన కొత్తలో ముప్ఫై ఆరు అంగుళాల నడుము ఒక్కటీ నా పుస్తకంలో ఉండేది కాదు, తెలుసా? అలాంటివాళ్లందరికీ ముప్ఫై అయిదున్నరే. కుట్టిచ్చిన ప్యాంట్లు వారానికి నాలుగు వెనక్కొచ్చేవి, బిగుతుగా ఉన్నాయని. టేపు మార్చాను. గుడ్డ కుంచించుకుపోతోందేమోనని తడిపి ఆరేసి చూశాను. చివరికి నాకు పని నేర్పిన మాస్టారు వచ్చి ఒక పూట కూర్చుని చూసి, 'ఒరేయ్, నువ్వు టేపు చదవట్లేదు, వాళ్ల ముఖం చదువుతున్నావు,' అన్నాడు."

"ముఖం ఏమిటి?"

"టేపు చుట్టగానే మనిషి ఊపిరి బిగబట్టి నా ముఖంలోకి చూస్తాడు. ఎంత అంటాడోనని. పాపం అనిపిస్తుంది. ఆ జాలి కచ్చితంగా అరంగుళం ఉంటుంది. నేను అబద్ధం చెప్పలేదు మరదలా. నా కంటికి అలాగే కనపడేది. అప్పటి నుంచి తల దించుకుని టేపు మాత్రమే చూసి అంకె చెప్తాను, మీ అక్క రాస్తుంది. ఎవరి నడుమో తను చూడదు, ఎవరి ముఖమో నేను చూడను."

"నేనేం దర్జీని కాదులే," అన్నాను. చిరాకుపడ్డాను కూడా. జ్వరంలో ఉన్న మనిషి మీద చిరాకుపడడమేమిటని అక్క కళ్లెర్రజేసింది.

ఇంటికి వెళ్తున్నంతసేపూ బావ మాట చెవిలో జోరీగలా తిరిగింది. మా ప్లేట్లని వెనక నుంచి చదువుతాం. వెలుగుకి వంచి, అడుగు మీద స్కేలు ఆనించి కొలుస్తాం. పేరు, వయసు రాసేది కూడా ఆ అడుగు మీదే. చాలా చోట్ల నంబరు మాత్రమే రాస్తారట. ఒకసారి రెండు నంబర్లు తారుమారై గొడవైందని, పేర్లు రాసే పద్ధతి మా గదిలో పెట్టింది నేనే. ఆ పద్ధతిని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయిందీ నేనే. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరు చదివినా మొదట పెన్సిల్‌తో రాయాలి. 'పనిచేస్తుంది' అని వస్తే వాళ్లే సిరా పెట్టేయొచ్చు. 'పనిచేయదు' అని వస్తే మాత్రం పెద్దదాన్ని కాబట్టి నేను ఇంకోసారి కొలిచి సిరా పెట్టాలి. చెడ్డ కబురు రెండుసార్లు చూసుకుని చెప్పడం న్యాయమే కదా అనుకున్నాం. మంచి కబురుని రెండోసారి చూడాలని మా ఇద్దరికీ తోచలేదు.

గురువారం ఏడు గంటలకే గది తలుపు తీశాను. రిజిస్టరు తెరిచి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. సిరా పదమూళ్ల కింద పెన్సిల్ గీతలు వెలుగులో మెరిశాయి. ఒకటి, రెండు, మూడు. లెక్కపెడుతూ పోతే తొమ్మిది చోట్ల కళ్లజోడు పెన్సిల్‌తో పన్నెండు అని రాశాడు. తొమ్మిది చోట్లా నేను రెండు మీద మూడు దిద్దాను. అందులో చివరిది బావది.

నేను దిద్దిన సంగతి నాకు గుర్తుంది. దొంగతనంగా చేసిన పని కాదు. ప్లేటు తీసి, వెలుగుకి పట్టుకుని, కొలిచి, 'పదమూడే కదా, వీడి కళ్లు ఏడిచినట్టున్నాయి' అనుకుంటూ దిద్దాను. నాకు పదమూడే కనిపించింది.

కళ్లజోడు ఎనిమిదింటికి వచ్చాడు. కుర్చీ కూడా చూపించకుండా, "చల్ల పెట్టెలో టైఫాయిడ్ ప్లేట్లు ఎన్నున్నాయి?" అన్నాను. చదివిన ప్లేట్లని రెండు వారాలు చల్ల పెట్టెలో దాచి, ఆ తర్వాతే ఆవిరిలో ఉడికించి పారేస్తాం.

"ఐదు."

"వాటి మీద పేర్లు కనపడకుండా కాగితం ముక్కలు అంటించు. నాకు వీపు చూపించి కలిపేయ్. ఒకటి నుంచి ఐదు అంకెలు వేయ్. నేను కొలిచి చెప్తాను, నువ్వు రాయి. నేనేం చెప్పినా మాట్లాడకు. ముఖం కూడా అటు తిప్పుకో."

అతను చేతులకి తొడుగులు వేసుకుని పనిలో దిగాడు. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని, పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంది.

మొదటిది తీసుకున్నాను. అడుగున తెల్ల కాగితం, ఒక అంకె. మసక మొదలైన చోట స్కేలు ఆనించాను. "పదిహేను." రెండోది. "పన్నెండు." అనేశాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మూడోది పదమూడు, నాలుగోది పద్నాలుగు. ఐదో ప్లేటు మసక అంచు దగ్గర స్కేలు ఒకసారి పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. జరపడానికి నాకు ఏ కారణమూ దొరకలేదు. "పన్నెండు," అన్నాను.

"కాగితాలు తీయనా అక్కా?"

"తీయి."

రెండోది ఒక కూరగాయల షాపు ఆవిడది. రిజిస్టరులో పదమూడు. మూడోది ఒక వాచ్‌మన్‌ది, అప్పుడూ పదమూడే, ఇప్పుడూ పదమూడే. ఐదోదాని మీద కాగితం ఒలిచి కళ్లజోడు ప్లేటు నా వైపు తిప్పాడు. నా చేతిరాతే. బావ పేరు, పక్కన యాభై రెండు.

పేరు కనపడుతుండగా ఇంకోసారి కొలిచాను. ఎందుకంటే ఇప్పటికీ నాకు కుతూహలమే, సిగ్గు లేకుండా చెప్తున్నాను. పన్నెండు అని తెలిసి కూడా స్కేలు మసక లోపలికి జరిగింది. జరుగుతుండగా చూశాను. సరిగ్గా ఒక్క గీత. పేరు చూడగానే నా కన్ను బావ తరఫున వకాల్తా పుచ్చుకుంది. కూరగాయల షాపు ఆవిడ తరఫున కూడా పుచ్చుకుంది, ఆవిడెవరో నాకు తెలియకపోయినా. వయసు ముప్ఫై ఒకటి అని ఉంది. ఇంట్లో చిన్నపిల్లలుంటారు, రెండు వారాలు వార్డులో ఎలా పడుంటుంది అని ఎప్పుడో లోపల అనుకునే ఉంటాను.

"నీ కళ్లు బాగానే ఉన్నాయిరా," అన్నాను. "అద్దాలు మార్చుకోమన్నందుకు ఏమనుకోకు."

"మార్చానక్కా," అన్నాడు మెల్లగా. "మీరు చెప్పినప్పుడల్లా. ఈ ఏడాదిలో రెండుసార్లు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేసి, ప్లేటు పట్టుకుని డాక్టరమ్మ గదికి పరిగెత్తాను.

డాక్టరమ్మ మా విభాగానికి పెద్ద. అరవదు, అదే భయం. ప్లేటు తీసుకుని తనే కొలిచింది. మసక అంచుని భూతద్దంతో చూసింది.

"పన్నెండు," అంది. "ఇది ఒక్కటేనా?"

"కాదు మేడమ్. ఇది మా బావది, ఒక కూరగాయల షాపు ఆవిడదీ ఇలాగే పన్నెండు వచ్చింది. ఏడు నెలలవి అన్నీ మళ్లీ చూడాలి. నేను పేర్లు చూసి కొలిచాను. నాకు తెలియకుండానే."

ఆవిడ ఫోను అందుకుంది. "ముందు మీ బావగారు. ఆ తర్వాత ఆ కూరగాయల ఆవిడ. మిగతా సంగతి ఆ తర్వాత మాట్లాడదాం." వార్డుకి ఫోను చేసి మంచం సిద్ధం చేయమని చెప్పింది. నేను అక్కకి ఫోను చేసి, "ఆటో పిలిచి బావని తీసుకొచ్చెయ్. మాత్ర పనిచేయట్లేదు," అన్నాను.

"పనిచేస్తుందన్నావుగా?"

"తప్పు కొలిచానక్కా."

అక్క ఫోను కట్ చేసింది. ఆటోలోంచి దిగినప్పుడు కూడా అక్క నన్ను చూసి, చూడనట్టు వెళ్లిపోయింది. బావకి మధ్యాహ్నం లోపలే మొదటి ఇంజెక్షన్ పడింది. పొట్ట స్కాన్ తీశారు. పేగు ఇంకా చెక్కుచెదరలేదు. ఆ మాట విన్నాకే మా గదికి తిరిగి వెళ్లాను.

ఆ తర్వాత రోజులన్నీ డీప్ ఫ్రీజరులోంచి పాత బ్యాక్టీరియా తీయడంతోనే గడిచాయి. ప్రతి రోగి బ్యాక్టీరియానీ ఒక చిన్న గొట్టంలో గడ్డకట్టించి దాస్తాం. ఎందుకు దాస్తామో ఎవరికీ పెద్దగా పట్టదు, నాకైతే ఏదో ఒక రోజు పనికొస్తుందని ఆశ. ఆ రోజు ఇలా వస్తుందనుకోలేదు. నలభై ఒకటీ మళ్లీ పెంచాం. పేర్లు లేవు, అంకెలే. నేనొకసారి, కళ్లజోడొకసారి, ఒకరి కొలత ఒకరికి చెప్పుకోకుండా చదివాం. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. పంతొమ్మిది పదమూళ్లలో ఏడు నిజంగా పదమూళ్లే. మిగతా పన్నెండు ప్లేట్లూ పన్నెండు మిల్లీమీటర్లకో పదకొండుకో దిగిపోయాయి. కొత్త గళ్ల కాగితం మీద చుక్కలు పెడితే ఎక్కడా ఖాళీ లేకుండా చక్కగా వాలుగా దిగింది. కాగితం ఎంత అందంగా ఉందో, అది చెప్పిన సంగతి అంత ఘోరంగా ఉంది. మాకున్న ఆఖరి మాత్ర ఏడు నెలలుగా చేజారిపోతోంది. దాన్ని కనిపెట్టడానికే నాకు జీతమిచ్చి కూర్చోబెట్టారు. నేను అది కనపడకుండా చేశాను.

ఆ పన్నెండుమందిలో బావ, కూరగాయల ఆవిడ వార్డులో ఉన్నారు. మిగతా పదిమందికీ నేనే ఫోను చేస్తానన్నాను. డాక్టరమ్మ వద్దనలేదు. ఇద్దరు ఎత్తలేదు. నలుగురు జ్వరం తగ్గక వేరే ఆసుపత్రికి వెళ్లి ఇంజెక్షన్లు వేయించుకున్నారట. ముగ్గురు వారాల తరబడి నానాయాతన పడి, ఎలాగో కోలుకున్నారు. పదో ఫోను ఒక డ్రాయింగ్ మాస్టారి భార్య ఎత్తింది.

"పేగుకి చిల్లు పడిందండీ. ఆపరేషన్ అయింది. రెండు నెలలు మంచం మీదే ఉన్నారు. ఇప్పుడు ఫర్వాలేదు, బడికి వెళ్తున్నారు. ఎందుకడుగుతున్నారు?"

ఎందుకో చెప్పాను. పరీక్ష చేసింది నేనేనని, తప్పు కొలిచానని చెప్పాను.

"ఇప్పుడు చెప్పి ఏం లాభం?" అని ఫోను పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

పర్యవేక్షణ కేంద్రానికి ఉత్తరం నా చేత్తోనే రాశాను. ఏమేం చేశామో, ఎందుకు చేశామో, పేర్లు, పెన్సిల్, సిరా, అన్నీ. మూడో రోజు అక్కడి నుంచి ఒకాయన ఫోను చేశాడు. చీవాట్లు పెడతాడని చెవి దూరంగా పెట్టుకున్నాను. "ఆ చుక్కల కాగితం పంపగలరా?" అన్నాడు. పంపాను. వారం తిరక్కుండా మళ్లీ చేశాడు. గొంతులో హుషారు, భయం రెండూ ఉన్నాయి. "ఇంకో ఐదు ఊళ్ల నుంచి మిల్లీమీటర్లు తెప్పించామండీ. రెండు ఊళ్లలో పన్నెండు దగ్గర ఖాళీయే." ఇక నుంచి అందరూ మాటలతో పాటు మిల్లీమీటర్లు కూడా పంపాలట. మా గదిలో ప్లేట్ల మీద పేర్లు పోయాయి. ప్రతి కొలతా, మంచిదైనా చెడ్డదైనా, ఇద్దరం విడివిడిగా చదువుతున్నాం. కళ్లజోడు ఇప్పుడు పెన్సిల్ వాడడు, సిరాతోనే రాస్తాడు.

కేంద్రం నుంచి ఆ ఫోన్లు రాకముందే, బావకి ఇంజెక్షన్లు మొదలైన ఐదో రోజు మధ్యాహ్నం జ్వరం దిగింది. నేను వెళ్లేసరికి దిండుకి ఆనుకుని, కూరగాయల ఆవిడ భర్తకి పక్క వార్డుకి దారి చెప్తున్నాడు. అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని సంచీలో ఏదో వెతుకుతోంది. ఐదు రోజులుగా తను నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

బావకి అంతవరకూ అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. ప్లేటులో పన్నెండు వచ్చిందని, కళ్లజోడు సరిగ్గానే రాశాడని, నేను దిద్దానని, పేరు చూసి దిద్దానని, అన్నీ వరసగా చెప్పాను. చెప్తున్నంతసేపూ నేల వైపే చూశాను.

"అంటే నా మీద ప్రేమ ఒక మిల్లీమీటరన్నమాట," అన్నాడు బావ.

"జోక్ కాదు బావా. చచ్చిపోయేవాడివి."

"తెలుసు." ఈసారి నవ్వలేదు. "పాపం, ఆ డ్రాయింగ్ మాస్టారు," అన్నాడు. డ్రాయింగ్ మాస్టారి సంగతి కూడా చెప్పాను మరి.

తర్వాత దిండు కింద నుంచి టేపు తీశాడు. వార్డులో కూడా టేపు దగ్గరే ఉంచుకున్నాడు మహానుభావుడు. "లుంగీ నిలబడట్లేదు. ఇంటికెళ్లగానే రెండు ప్యాంట్లు బిగించుకోవాలి. నడుము కొలిచి చెప్పు."

మంచం దిగి నిలబడ్డాడు. ఒక చేత్తో కడ్డీ పట్టుకున్నాడు. నేను టేపు చుట్టాను. జబ్బుకి ముందు ఆయన నడుము ముప్ఫై అయిదని ఇంట్లో అందరికీ తెలుసు. ఊపిరి బిగబట్టడానికి బదులు బావ పొట్ట ఉబ్బించాడు. నా ముఖంలోకే చూస్తున్నాడని తెలుస్తోంది. నేను తలెత్తలేదు.

సంచీలోంచి అక్క షాపు పుస్తకం, పెన్ను తీసింది.

"ఎంత?" అంది. ఐదు రోజుల తర్వాత నాతో తను అన్న మొదటి మాట అది.

"ఉబ్బించకు బావా, గాలి వదిలెయ్." వదిలాడు. టేపు సర్దాను. "ముప్ఫై ఒకటి."

"మరీ ముప్ఫై ఒకటేమిటే," అన్నాడు బావ. "ముప్ఫై రెండని రాసుకోండి, పోయేదేముంది."

అక్క పెన్ను ఆపి నా వైపు చూసింది.

"ముప్ఫై ఒకటి," అన్నాను.

అక్క రాసుకుంది.